శీతకాల లేపన గద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: మార్గశిరము రాగానే మోచేతిపై గోరు తగిలిన చోటెల్ల తెల్లగీత పడు జనులను ఉద్ధరింపబూని, తన పేరు చెప్పుకొనని కర్త ఒకడు క్రీము సీసా వెనుక చీమతలకాయలంత అక్షరములతో ఈ గద్యమును వెలయించెను. భూతద్దము లేనివారు దీనికి అధికారులు కారు.

మూలము: ఆక్వా, గ్లిజరిన్, పెట్రోలేటమ్, సిటైల్ ఆల్కహాల్, గ్లిజరిల్ స్టియరేట్, డైమెథికోన్, ఫినాక్సీఇథనాల్, పర్ఫ్యూమ్, కుంకుమపువ్వు సారము.

ప్రతిపదార్థము: ఆక్వా = నీళ్లు; గ్లిజరిన్ = నీటిని పట్టి ఉంచునది; పెట్రోలేటమ్ = పట్టిన నీటిని పోనీయనిది; సిటైల్ ఆల్కహాల్ = చిక్కదనమును మెత్తదనమును ఇచ్చునది; గ్లిజరిల్ స్టియరేట్ = నూనెకు నీటికి సంధి కుదుర్చునది; డైమెథికోన్ = జిడ్డు తెలియనీయక జారునట్టి సిలికోన్; ఫినాక్సీఇథనాల్ = బూజు పట్టనీయనిది; పర్ఫ్యూమ్ = వాసన; కుంకుమపువ్వు సారము = (ఛందః ప్రకరణమున చూడుడు).

తాత్పర్యము: స్నానమైన వెంటనే, ఒళ్లు పూర్తిగా ఆరకముందే పూసికొనుము. ఉన్న తడి నిలుచును.

టీక: నీటితో ఆరంభించుట మంగళాచరణము. సామాన్యముగా గద్యమున సగమునకు పైగా ఈ మంగళాచరణమే.

గ్లిజరిన్ సబ్బు కాచునపుడు మిగిలివచ్చు సరకు, చౌక. మన చర్మమునందును సహజముగా కలదు. చుట్టుపట్ల నీటిని లాగి పైపొరలో నిలుపుట దీని పని. ఇచట ఒక శంక: చలిగాలిలో తేమయే లేనపుడు ఎచటినుండి లాగును? సమాధానము: చర్మపు లోపొరలనుండి లాగును. అట్లు పైకి వచ్చిన నీరు గాలికి ఆవిరియగును, ఉన్నదియు పోవును. కావుననే కర్త మరుక్షణమే పెట్రోలేటమ్ అనెను. ఈ రెండు పదములకు గల అన్వయము తెలియనివాడు మొత్తము గద్యము చదివియు నిష్ప్రయోజకుడు.

పెట్రోలేటమునకు ఒక పురాణము కలదు. అమెరికాలో పెన్సిల్వేనియా చమురుబావుల పంపు కడ్డీలకు అంటుకొను నల్లని మడ్డిని కూలీలు గాయములకు రాచుకొనుట చూచి, రాబర్ట్ చీజ్‌బ్రో అనువాడు దానిని శుద్ధిచేసి, 1872లో వాసెలిన్ పేర పేటెంటు పొందెను. చర్మమునుండి నీరు ఆవిరగుటను ఆపుటలో నేటికిని దీనిని మించినది అరుదు. అతడు నిత్యము ఒక చెంచాడు మింగెడివాడని ప్రతీతి. 96 ఏండ్లు జీవించెను. ఇది ఫలశ్రుతి కాదు, ఎవరును అనుకరింపరాదు.

సిటైల్ ఆల్కహాల్ చూచి సీసాను తిరిగి అంగడివాని చేతిలో పెట్టువారు కలరు. వారు ఎరిగినది చర్మమును ఎండబెట్టు స్పిరిటు జాతి. ఇది కొవ్వు జాతిది, మైనమువలె తెల్లగా గట్టిగా ఉండును, చర్మమును మెత్తపరచును.

పర్ఫ్యూమ్ వ్యర్థపదము. దద్దుర్లు దురద పుట్టించుటలో దీనికి పేరు కలదు. సున్నితమైన చర్మము గలవారు ఇచట గ్రంథపాతము గల ప్రతినే వెదకుకొనవలెను.

ఛందస్సు: మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి ప్రకారము, 1 శాతమునకు మించిన ద్రవ్యములు పరిమాణమును బట్టి పెద్దదానినుండి చిన్నదానికి దిగుచు రావలెను. 1 శాతమును మించనివి వాని వెనుక తమకు తోచినట్లు కూర్చుండవచ్చును. మరి యతిస్థానమును కనుగొనుట ఎట్లు? ఫినాక్సీఇథనాల్ 1 శాతమును మించరాదు గనుక అది కనబడినచోట పెన్సిలుతో గీత గీయుడు. గీతకు ఆవలివన్నియు లవలేశములు. సీసా ముందువైపు బంగారురంగు అక్షరములతో వెలుగు కుంకుమపువ్వు ఆవలనే, వాసన తరువాత, కట్టకడపట కూర్చున్నది. నాయిక ప్రవేశించునప్పటికి నాటకము ముగిసినది. అలంకారము అతిశయోక్తి.

పాఠభేదములు: ఖరీదైన ప్రతులలో సెరమైడ్లు కనబడును. ఇవి చర్మపు పైపొర కణముల నడుమ, ఇటుకల మధ్య సున్నమువలె, కొలెస్టరాలుతోను కొవ్వు ఆమ్లములతోను కలిసి ఉండు కొవ్వులు. సున్నము రాలినచోట మరల పూయుట వంటిది కావున ఈ పాఠము గ్రాహ్యము. హైలురోనిక్ ఆమ్లమును 1934లో మేయర్, పామర్ అనువారు ఆవు కంటినుండి వేరుచేసిరి. చేయుపని గ్లిజరిను పనియే, ధర వేరు. మడమలు పగిలినవారికి యూరియా పాఠము ఉత్తమము: తక్కువ మోతాదులో తేమ నిలుపును, 10 శాతము దాటిన కొలది గట్టిపడిన చర్మమును వదులుచేయును. అయితే నెత్తురు కనబడు పగుళ్లపై పూసినచో భగ్గున మండును. అంతవరకు వచ్చినవారికి పెట్రోలేటమ్ పాఠమే శరణ్యము. పైన పాత మేజోళ్లు తొడుగవలెను.