పదివేల అడుగుల బాబాయి

ఇంట్లో ఉన్నప్పుడు మా బాబాయి కరివేపాకు రెబ్బ కోసం వీధి చివరికి స్కూటర్ మీద వెళ్తాడు. మేముండేది మొదటి అంతస్తే అయినా లిఫ్టు ఎక్కి వస్తాడు. కరెంటు లేకపోతే కింద వాచ్‌మన్‌తో రాజకీయాలు మాట్లాడుతూ, వచ్చేదాకా కూర్చుంటాడు. అదే మనిషి సూట్‌కేసుకి తాళం పడిందంటే మాత్రం హఠాత్తుగా పహిల్వాన్ అయిపోతాడు.

ఇలాంటివాళ్లు ఇప్పుడు ప్రతి బంధువర్గంలోనూ ఒకరు తయారయ్యారు. రిటైరయ్యాక ఏడాదిలో తొమ్మిది నెలలు తిరుగుళ్లే. మూడు నెలలు ఉత్తరదేశ యాత్ర, ఆర్నెల్లు పిల్లల దగ్గర అమెరికా, మధ్యలో సొంతింటికి లాడ్జిలో దిగినట్టు దిగి, బట్టలు ఉతికించుకుని, మళ్లీ బయల్దేరడం. "ఇన్నాళ్లు తిరిగితే ఒళ్లు పాడవదూ?" అని ఎవరైనా అంటారేమోనని వీళ్లే ముందుగా ఒళ్లు బాగుచేసుకోవడం మొదలుపెడతారు. మొదలుపెట్టింది ఎక్కడ ఆపాలో తెలియకపోవడం వల్ల ఊళ్లు చూడ్డం మానేస్తారు.

మా బాబాయి ముప్పై అయిదేళ్లు బ్యాంకులో క్యాషు కౌంటర్ వెనకాల కూర్చున్నాడు. లెక్కపెట్టడం ఆయన రక్తంలో ఉంది. నోట్లు అయిపోయాక లెక్కపెట్టడానికి ఏమీ దొరక్క కొన్నాళ్లు దిగులుపడ్డాడు. కొడుకు చేతి గడియారం ఒకటి కొనిపెట్టాడు. అది అడుగులు లెక్కపెడుతుంది. అంతే, జీవితానికి మళ్లీ ఒక కౌంటర్ దొరికింది.

రోజుకి పదివేలు. అందులో ఒక్కటి తగ్గడానికి వీల్లేదు. ఈ పదివేలు ఏ వేదంలో ఉందని ఒకసారి అడిగాను. నిజానికి దాని పుట్టుక జపాన్‌లో. 1965లో అక్కడి గడియారాల కంపెనీ ఒకటి నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది. దాని పేరు మన్పోకేయి, అంటే పదివేల అడుగుల మీటరు. అంకె గుండ్రంగా ఉంది, పేరు బాగుంది, జనం నడిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుల గొడవే ఎత్తదు. పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాలైనా చురుకైన నడకలాంటిది, రెండు రోజులు కండరాలకు పని ఉండాలంటుంది. ఇదంతా చెప్తే బాబాయి నాకేసి జాలిగా చూశాడు. "నిమిషాలు ఎవడైనా గడుపుతాడురా. అడుగులు ట్యాలీ అవ్వాలి" అన్నాడు.

ఆయన రైలు ప్రయాణం చూసి తీరాలి. పోయినేడాది కాశీకి సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేను, పిన్ని, ఆయన. బండి కదలకముందే పిన్ని పెసలు నానబోసింది. నాగపూర్‌లో నీళ్లు వంచి తడిగుడ్డలో మూటకట్టింది. మర్నాడు ప్రయాగ దగ్గరపడేసరికి మొలకలు. బోగీలో మిగతావాళ్లు సమోసాలు తింటుంటే మేం మేకల్లా మొలకలు నములుతూ కూర్చున్నాం.

ఈ మధ్యలో వ్యాయామం. డంబెల్స్ మొయ్యడం దండగని బాబాయి సిద్ధాంతం. లీటరు నీళ్లంటే కిలో బరువు. రెండు చేతులకి రెండు రైల్ నీర్ సీసాలు. పైకి, కిందికి, పైకి, కిందికి. చిక్కల్లా ఏమిటంటే, ఎత్తినకొద్దీ దాహం, తాగినకొద్దీ బరువు తగ్గుతుంది. బల్లార్షా వచ్చేసరికి ఆయన రెండు ఖాళీ సీసాల్ని ఎంతో శ్రమపడుతున్నట్టు ఎత్తుతున్నాడు. ఎదురుగా కూర్చున్న బీహారీ కుర్రాడు ఆ ఖాళీ సీసాలు పారేస్తానని మర్యాదగా చెయ్యి చాచాడు.

తర్వాత రబ్బరు పట్టీ తీశాడు. దాన్ని దేనికైనా కట్టి లాగితే భుజాలకి మంచిదట. కట్టడానికి అనువైన చోటు కోసం బోగీ అంతా వెతికి, చివరికి గోడకి ఎర్రగా, చేతికందే ఎత్తులో ఒక పిడి ఉండటం చూసి ఎంతో సంతోషించాడు. అది అలారం చైను. పట్టీ ముడి వేస్తుండగా టికెట్ల తనిఖీ ఆయన వచ్చాడు కాబట్టి సరిపోయింది. సరైన కారణం లేకుండా చైను లాగితే రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ ఉంటుందని ఆయన చెబితే, "భుజాలు సరైన కారణం కాదా?" అన్నాడు బాబాయి. పిన్ని ఇద్దరికీ చెరో జంతిక ఇచ్చి వ్యవహారం ముగించింది.

బండి ఆగిందంటే దిగాల్సిందే. పది నిమిషాలాగే స్టేషనంటే ఆయనకి తీర్థం. ఇరవై నాలుగు బోగీల బండి పొడవు అర కిలోమీటరు పైమాటే, ఒక రానూపోనూ అయితే పదమూడు, పద్నాలుగు వందల అడుగులు. ఇటార్సీలో ఇంజను దాకా వెళ్లాడు గానీ వెనక్కి రాలేదు. బండి కదిలింది. నేను కంగారుపడి తలుపు దగ్గరికి పరిగెత్తాను. పిన్ని కిటికీలోంచి తల కూడా బయటపెట్టలేదు. "ముందు బోగీ ఏదో ఎక్కే ఉంటారు. లోపల్నించి నడుచుకుంటూ వస్తార్లే. అవీ లెక్కలోకే" అంది. ముప్పావుగంటకి తొమ్మిది బోగీలు దాటుకుని, చెమటలు కక్కుతూ, వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు.

ప్లాట్‌ఫాం పొడవుల మీద ఆయనకున్న పాండిత్యం స్టేషన్ మాస్టర్లకి కూడా ఉండదు. ఖరగ్‌పూర్ 1,072 మీటర్లు, గోరఖ్‌పూర్ 1,366, ఇక 2023లో అందరినీ మించిన హుబ్బళ్లి 1,507 మీటర్లు. ఒక్కసారి వెళ్లొస్తే మూడు కిలోమీటర్లు! ఆ హుబ్బళ్లికి టికెట్లు తీస్తానన్నాడు. అక్కడ ఏం దేవుడున్నాడండీ అని పిన్ని అడిగింది. సిద్ధారూఢస్వామి ఉన్నాడు, స్టేషన్‌కే ఆయన పేరు పెట్టారన్నాడు. పిన్ని దండం పెట్టుకుంది గానీ కదల్లేదు.

కాశీలో మనవాళ్ల ఆనవాయితీ ప్రకారం తొమ్మిది రాత్రులు నిద్రచేశాం. అందరూ విశ్వనాథుణ్ణి చూడ్డానికి వెళ్తే బాబాయి మెట్లు చూడ్డానికి వెళ్లాడు. ఎనభై నాలుగు ఘాట్లు! అస్సీ నుంచి రాజ్‌ఘాట్ దాకా గంగ ఒడ్డున సుమారు ఆరు కిలోమీటర్లు, ఘాట్‌కో మెట్ల వరస. ఆయన దృష్టిలో కాశీ అంటే శివుడు తొడకండరాల కోసం కట్టించిన ఊరు. హరిశ్చంద్ర ఘాట్ దగ్గర కాసేపు తల వంచుకుని నిలబడితే నా మనసు కరిగింది, ఎంతైనా కాశీ కదా అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూసుకుంటున్నాడు.

కాశీకి వెళ్తే ఇష్టమైన కాయో పండో వదిలెయ్యాలంటారు కదా. పిన్ని మామిడిపండు వదిలేసింది. నిజంగా ఇష్టమైనదే వదిలే మనుషులు ఇంకా ఉన్నారు. నేను, ఆత్మసాక్షిగా చెబుతున్నాను, పొట్లకాయ వదిలేశాను. బాబాయి మోకాలిలోతు గంగలో నిలబడి "మైదా" అన్నాడు. మంత్రం చెప్తున్న పంతులుగారు ఆగిపోయి, "మైదా కాయా బాబూ, పండా?" అని అడిగారు. మర్నాడు పొద్దున్నే సందులో నిలబడి బాబాయి కచోరీ తింటుంటే నేను ఏమీ అనకముందే, "ఇక్కడి కచోరీ గోధుమపిండి" అన్నాడు. నిజమే. ఆ తర్వాత తిన్న జిలేబీ సంగతి పెద్దమనిషి తరహాగా ఇద్దరం ఎత్తుకోలేదు.

రాత్రిళ్లు సత్రంలో క్యాషు మూసేవేళ మరీ కష్టం. పదకొండింటికి గడియారం 9,640 చూపించిందంటే మిగతా 360 వరండాలో పడాల్సిందే. టపటపమని చెప్పులు. ఒక గదిలోంచి దగ్గు, ఇంకో గదిలోంచి "ఎవరది?" అని తెలుగులోనే కేక. నాలుగో రాత్రి ఎవరో పెద్దాయన తలుపు తీసి, "నిద్రపట్టకపోతే విష్ణుసహస్రం చదువుకోండి" అని పుస్తకం చేతిలో పెట్టి వెళ్లాడు. మిగతా ఐదు రాత్రులూ ఆ పుస్తకం చేత్తో పట్టుకునే నడిచాడు. సత్రంలో మహాభక్తుడని పేరొచ్చింది.

అమెరికా సంగతి నేను విన్నదే గానీ చూసింది కాదు. న్యూజెర్సీలో చలికాలం మంచు పడితే కొడుకింటి బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ చుట్టూ ప్రదక్షిణలు చేశాడట. విమానంలో మాత్రం నేను ఆయన పక్షమే. గంటలతరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, మధ్యమధ్య లేచి నడవమని, కూర్చున్నచోటే మడమలు ఆడించమని డాక్టర్లే చెబుతారు. అయితే భోజనాల బండి వెనకాలే దారంతా నడిచి, ఆయన దగ్గరికి వచ్చేసరికి సీట్లో లేడని వాళ్లు వెళ్లిపోతే, పిన్ని భోజనంలో సగం తినమని ఏ డాక్టరూ చెప్పలేదు.

ఈ ఏడు కేదారం. గౌరీకుండ్ నుంచి సుమారు పదహారు కిలోమీటర్ల ఎక్కుడు. పైన గుడి 3,583 మీటర్ల ఎత్తున. ఆర్నెల్లుగా బాబాయి సాధన చేస్తున్నది దీనికోసమే అన్నట్టు ఊరేగాడు. చేతికర్ర, టోపీ, మోకాళ్లకి పట్టీలు. గౌరీకుండ్‌లో మొదటి మలుపు తిరిగాం. రెండో మలుపులో ఆయన ఒక గుర్రంకేసి చూశాడు. గుర్రం కూడా ఆయనకేసి చూసింది. మూడో మలుపు దగ్గర బేరం కుదిరింది.

"మోకాలు ఇప్పుడు పాడుచేసుకుంటే ముందున్న బదరీకి ఎలా?" అన్నాడు జీను మీదనించి. దూరదృష్టి. పిన్నికి కూడా ఒక గుర్రం మాట్లాడబోతే, "నోరులేని జీవాన్ని కష్టపెట్టి స్వామిని చూస్తే ఆయనేమనుకుంటాడు?" అని చెంగు బొడ్లో దోపుకుని నడక సాగించింది. అరవై మూడేళ్ల మనిషి, కాళ్లకి కాన్వాసు బూట్లు, భుజాన బాబాయి సంచీ కూడా. నేను పిన్ని వెనకాల. ఎక్కువ దూరం వెనకాల.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి పదిహేను నెలలు కాశీయాత్ర చేసి, ఏ రోజు ఎంత దూరం వెళ్లిందీ శ్రద్ధగా రాసిపెట్టారు. పల్లకీ మోసింది బోయీలు. నడిచినవాళ్లు ఒకరు, లెక్క రాసినవాళ్లు ఒకరు కావడం మన యాత్రల్లో కొత్త సంగతేమీ కాదని దారిలో రొప్పుతూ అనుకున్నాను.

సాయంత్రానికి మేం చేరేసరికి బాబాయి గదిలో రజాయి కప్పుకుని ఉన్నాడు. కుటుంబం గ్రూపులో అప్పటికే వార్త వెళ్లిపోయింది. "కేదార్ నాథ్. నేటి అడుగులు 21,400." కింద ముప్పై చప్పట్లు, రెండు దండాలు. గుర్రం కుదుపులన్నిటినీ గడియారం నమ్మేసిందన్నమాట.

"ఇవి నీవి కావు కదా బాబాయ్?" అన్నాను.

"ప్రస్తుతానికి సస్పెన్స్ ఖాతాలో పెట్టాను" అన్నాడు, ముప్పై అయిదేళ్ల సర్వీసున్న గొంతుతో.

పిన్ని బూట్లు విప్పి, సంచీలోంచి నొప్పుల బామ్ తీసి ఆయన తొడలకి రాస్తోంది. జీను ఒరుసుకుపోయి కూర్చోలేకపోతున్నాడు పాపం. కాసేపటికి బాబాయి నెమ్మదిగా అడిగాడు.

"ఇంతకీ నువ్వెన్ని నడిచావే?"

"కేదారం దాకా."

"అది కాదే, అడుగులెన్ని?"

పిన్ని బామ్ మూత పెట్టి, చెయ్యి తుడుచుకుని, అటు తిరిగి పడుకుంది. బాబాయి ఫోన్‌లో లెక్క వేశాడు. పదహారు కిలోమీటర్లు, ఆడవాళ్ల అడుగు అరమీటరు అనుకుంటే... అంకె చూసి ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత రజాయి తోసేసి, మంకీక్యాప్ లాక్కుని, చెప్పుల కోసం మంచం కింద కాలితో వెతకడం మొదలుపెట్టాడు.