కప్పగారి ముహూర్తం

మా అక్కయ్య కొడుకు అట్లాంటాలో ఉంటాడు. 34 ఏళ్లొచ్చాయి. పెళ్లి మాటెత్తితే ఫోను పెట్టేస్తాడు. అదే వాడింట్లో ఉన్న ఎర్రకళ్ల చెట్టుకప్పల పెళ్లి గురించి కదిపి చూడండి, గంటసేపు వదలడు.

మన ఊళ్లలో వానలు మొహం చాటేస్తే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించేవారు. కొన్నిచోట్ల ఏకంగా కప్పలకు పెళ్లే చేస్తారు. కప్పకు పెళ్లయితే వానొస్తుందని ఆశ. మావాడు అదే తంతును తిరగేసి జరిపిస్తాడు, వానొస్తే కప్పకు పెళ్లవుతుందని. లెక్క వాడిదే సరైనది. కప్పకూ వానకూ లంకె ఉందని మనవాళ్లూ కనిపెట్టారు గానీ, ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడంలో కాస్త తొందరపడ్డారు.

ఈ కప్పల పుట్టిల్లు మధ్య అమెరికా. ఎండలు పోయి జోరున వానలు పడితేగాని వీటికి సంసారం మీద ధ్యాస పోదు. గాజుపెట్టెలో ఏడాది పొడుగునా ఒకే తేమ, ఒకే వెచ్చదనం, వేళకు పురుగుల భోజనం. అన్నీ అమిరాక మగకప్ప ఒళ్లు పెంచుకుంటుందే తప్ప పక్కనున్న పిల్లను కన్నెత్తి చూడదు. అందుకని ముందు కొన్ని వారాలు నీళ్లు చల్లడం తగ్గించి దానికి కరువు చూపిస్తారు. తర్వాత వానపెట్టెలోకి మారుస్తారు. అదేం బ్రహ్మవిద్య కాదు: అడుగున నీళ్లు, నీళ్లలో చిన్న మోటారు, పైన చిల్లులు పొడిచిన పీవీసీ పైపు. రాత్రంతా జల్లు. అప్పటికీ పెళ్లికొడుకు బిగదీసుకు కూర్చుంటే, వేరే మగకప్పల అరుపులు రికార్డు చేసినవి వినిపిస్తారు. పోటీకి మరొకడున్నాడనగానే పౌరుషం వస్తుంది. అరిచి అరిచి ఆవిడ వీపెక్కుతాడు. ఆవిడ తనకన్నా చిన్నవాడైన ఆ మొగుణ్ణి మోసుకుంటూ కొమ్మలన్నీ తిరిగి, నీళ్లమీదికి వంగిన ఆకును చూసుకుని గుడ్లు అంటిస్తుంది. వారం తిరిగేసరికి తోకకప్పలు టపటపా నీళ్లలో రాలతాయి. ఇంత హడావుడీ చేయించుకున్న పెళ్లికొడుకు చివరికి పెళ్లాం వీపుమీద కాలక్షేపం చేస్తాడని విని మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

“స్నేహితుల పెళ్లి వీడియోలన్నీ వీడికీ పంపానురా, చలనం లేదు,” అంది అక్కయ్య ఫోనులో.

ఆవిడకు ధైర్యం చెబుదామని హెన్రీ కథ ఎత్తుకున్నాను. హెన్రీ అప్పట్లో న్యూజీలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ మ్యూజియంలో ఉండే టువాటారా. చూడ్డానికి తొండలాగే ఉంటుంది గానీ జాతి వేరు. ఈయనకు ఆడవాళ్లంటే ఎంత చిరాకంటే, దగ్గరికొస్తే కరిచేవాడు. సంబంధాలు చూసి చూసి మ్యూజియం వాళ్లు ఆశ వదులుకున్నారు. తీరా చూస్తే ఒంట్లో కణితి! అది తీసేశాక మనిషి మెత్తబడ్డాడు. మిల్డ్రెడ్ అనే ఆవిడతో కాపురం కుదిరి, 2009లో 11 మంది పిల్లలకు తండ్రయ్యాడు. అప్పటికి ఆయన వయసు 111 ఏళ్లని అంచనా. వాన, వేడి, వెలుతురు అని అందరూ ఆకాశంకేసి చూస్తుంటే అసలు అడ్డంకి లోపలే ఉందన్నమాట.

“అయితే ఇంకో 77 ఏళ్లు ఆగమంటావా?” అంది అక్కయ్య. నా ధైర్యవచనాలు సాధారణంగా ఇలాగే తగులుతాయి.

అన్నిటికీ వానే మందు కాదు. కొన్నిటికి చలి తగలాలి. అమెరికాలో వయోమింగ్ గోదురుకప్పలని ఉన్నాయి. దాదాపు అంతరించిపోయిన జాతి. జతకట్టించే ముందు వాటిని నెల్లాళ్లపాటు ఫ్రిజ్‌లో పెడతారు. బయటికి తీశాక హార్మోను ఇంజెక్షను కూడా ఇస్తారు. మొక్కజొన్న పాములనే రకాన్నీ చాలామంది రెండు మూడు నెలలు చల్లగా పడుకోబెట్టి లేపుతారు, జోడీ గుర్తుకురావాలని. మావాడి కన్ను ఇప్పుడు ఆ పాముల మీద పడింది. శీతాకాలానికల్లా ఫ్రిజ్ ఖాళీ చేస్తానన్నాడు.

పాము అనగానే అక్కయ్య కేకేస్తుందేమోనని ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాను.

“ఫ్రిజ్ ఖాళీ చెయ్యడమేమిట్రా? మరి నేను పంపిన గోంగూర పచ్చడి ఎక్కడ పెడతాట్ట?”