బండికి దోమతెర

ఆయన్ని పోల్చుకోవడానికి బండి చూడక్కర్లేదు, లుంగీ చాలు. మోకాలి దగ్గరున్న నీలం చేతక్ స్కూటరుది. దాని పక్కన మెరూన్ చార మొదటి హీరో హోండాది. అంచున వెండిరంగు మరక మాత్రం బండిది కాదు, వీధి గేటుకి వేసినప్పటిది. వాళ్లావిడ ఆ లుంగీని ఓసారి స్టీలు సామాన్లవాడికి వేసేస్తే, ఈయన వీధి చివరిదాకా పరిగెత్తి, వాడిచ్చిన గిన్నె వాడికిచ్చేసి మరీ వెనక్కి తెచ్చుకున్నారు.

ఏలూరులో పవర్‌పేట అవనీయండి, పడమర వీధి అవనీయండి, ఇంటి ముందు బండి విప్పేసుకుని సొంతంగా రంగేసుకునే మనిషి ఒకరైనా తగులుతారు. తాడేపల్లిగూడెంలోనూ ఉంటారు, కైకలూరులోనూ ఉంటారు. అందరినీ కలిపి ఇక్కడ బాబాయిగారు అనుకుందాం.

"షెడ్డువాడు నాలుగు వేలడిగాడ్రా! రంగు డబ్బా ఎంత, వాడి కూలెంత? నేనైతే ఎనిమిది వందల్లో తేల్చేస్తాను" అంటూ మొదలెడతారు. తేలేసరికి ఐదు వేలవుతుంది. అదేంటండీ అంటే "డబ్బాలో ఇంకా సగం రంగు మిగిలుందిగా" అంటారు. డబ్బు సంగతి ఉత్త సాకు లెండి. ఆయనకి కావలసింది ఒక ప్రశ్న. దారినపోయే వాడెవడో బండి చూసి ఆగిపోయి, "ఎక్కడ వేయించారండీ?" అనాలి. ఈయన తొందరపడకుండా సీటు మీద చెయ్యేసి, "ఆయ్, ఇంటి దగ్గరేనండి" అనాలి. ఆ జవాబు ఎన్నేళ్ల నుంచో నోట్లోనే నానుతోంది. జనం అడిగేది మాత్రం వేరు. "అయ్యయ్యో, ఎక్కడ గుద్దేశారండీ?"

రంగు ఎంపిక దగ్గరే కథ మొదలవుతుంది. షాపులో కార్డు మీద చూసి కొనడం ఆయనకి నామోషీ. "కార్డు మీద రంగు కార్డుకే బావుంటుంది, రేకు మీద చూడాలి" అని పెట్రోలు ట్యాంకు ఊడదీసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేస్తారు. కైకలూరు నుంచి ఏలూరు వచ్చే బస్సులో కండక్టరు పట్టుకున్నాడు.

"పెట్రోలు ట్యాంకు బస్సులో ఎక్కించకూడదండీ."

"ఖాళీదేనండి బాబూ. వాసనొక్కటే మిగిలింది."

"వాసన మీ ఒక్కరికే ఉంటే పర్లేదండి. బస్సంతా ఉంది."

బస్సంతా ఏమవుతుందా అని చూస్తుంటే, వెనక సీటులోంచి ఒకాయన "ఎక్కడ గుద్దేశారండీ?" అన్నాడు.

ఇక రంగు వేయడానికి ముహూర్తం. అది పంచాంగంలో దొరకదు. గాలిలో చెమ్మ ఉంటే ఎన్సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు పాలిపోతుంది. థిన్నరు చురుగ్గా ఆవిరవుతూ రేకుని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తడి వచ్చి రంగు మీద పడుతుంది, ఎర్రగా కొట్టింది తెల్లబోతుంది. కొల్లేటి పక్కన చెమ్మ లేని నెల ఏదో చెప్పండి చూద్దాం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చిన నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. పోవడానికి ఉన్నదల్లా ఉప్పుటేరు. పోనీ వానలు వెళ్లాక వేద్దామంటే పొద్దున్న మంచు, ఆపైన కోతలు, నూర్పిళ్ల ధూళి. వేసవికి ఆగుదామంటే దాళ్వా కోతలు. గూడెం వాళ్లకయితే వీటన్నిటికీ తోడు రైసు మిల్లుల్లోంచి ఎగిరొచ్చే ఊక నుసి. ఆరని తెల్ల రంగు మీద నల్ల నుసి రాలితే "డిజైనండీ" అని ఊరుకోగలిగిన నిబ్బరం గూడెం వాళ్లకే ఉంది.

ఇంత శాస్త్రం తెలిసిన మనిషి ఏటా పని మొదలెట్టేది ఎప్పుడయ్యా అంటే, దసరా ముందు. ఆయుధ పూజకి బండి తళతళలాడిపోవాలి మరి. దసరా రోజుల్లో మనకి తుపాన్లు. పూజ నాటికి బండి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు దగ్గరే ఆగిపోతుంది. ఆ రంగు మీద కుంకుమ బొట్టు ఆనక, పంతులుగారు పెట్టానా లేదా అని అనుమానపడి మళ్లీ మళ్లీ పెడతారు.

ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం రాపిడి. బకెట్టులో నీళ్లు, చేతిలో వాటర్ పేపరు. 220తో మొదలెట్టి 400, 600, 1000 దాకా మెట్టుమెట్టుగా ఎక్కాలి. పేపరు మీద నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుందని వచ్చిన ప్రతివాడికీ విడమర్చి చెబుతారు. వీధి పిల్లలకి తలో ముక్కా చింపిచ్చి, ఒకడికి మడ్‌గార్డు, ఒకడికి సైడ్ ప్యానెల్ అప్పగిస్తారు. లోపల్నించి పిన్నిగారి గొంతు వినపడుతుంది: "ఏవండీ, ఆ రుద్దుడేదో ఈ మాడిన మూకుడికి రుద్దకూడదూ!" బాబాయిగారు చెవిటివారైపోతారు. రాపిడి జరుగుతున్నన్నాళ్లూ ఆయనకి స్వర్గమే. ఎవడూ రంగు బాలేదనలేడు, రంగే లేదు కాబట్టి. ఏళ్ల తరబడి ప్రైమరు మీదే తిరిగే బళ్లు మన వైపు ఎందుకు కనిపిస్తాయో నాకు ఈయన్ని చూశాకే తెలిసింది.

నెల దాటిందేంటి బాబాయిగారూ అంటే చరిత్ర తీస్తారు. "మొదట్లో కార్లకి బ్రష్షుతో వార్నిషు పూతలు వేసి ఆరబెట్టేవాళ్లురా. వారాలు పట్టేది. పని తెమలడం కోసమేనంటారు, ఫోర్డు 1914 నుంచి 1925 దాకా తన మోడల్ టీకి నలుపు తప్ప ఇంకో రంగు వెయ్యలేదు." అంతా నిజమే. 1923లో జనరల్ మోటార్సు వాళ్లు డ్యూపాంట్ కంపెనీ వారి డ్యూకో రంగుతో ఆ వారాల పనిని గంటల్లోకి దించేశారు కూడా. ఆ ఎన్సీ రకమే నేటికీ షాపులో డబ్బాల్లో దొరుకుతోంది. ఈ రెండో వార్త బాబాయిగారి దాకా ఇంకా రాలేదు.

కిందటేడు ఆయన మనసు మిలిటరీ పచ్చ మీదకి పోయింది. బ్రష్షుతో ఎనామిల్ రెండు పూతలు లాగించారు. రాత్రి లైటుకి పురుగులు ముసిరి రంగులో పడతాయని ఇంట్లో ఉన్న ఒక్క దోమతెరా తెచ్చి బండి మీద కట్టేశారు. దొంగల భయానికి పక్కనే మడత మంచం వేసుకున్నారు. బండికి దోమతెర, మనిషికి దోమలు. ఏలూరు దోమల సంగతి మీకు చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి బండి నున్నగా ఉంది, బాబాయిగారు గరుకుగా ఉన్నారు.

ఆ వారమే వాళ్ల బావమరిది వచ్చాడు. గూడెం దగ్గర మాధవరం ఆయనది. సైన్యంలో పనిచేసిన వాళ్లు లేని ఇల్లు వెతుక్కోవాలి కాబట్టి దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. ఈయనా రిటైర్డ్ హవల్దారే. బండి చుట్టూ ఓ చుట్టు తిరిగాడు. బాబాయిగారు ఊపిరి బిగబట్టారు.

"బావా, ఇది మా రంగు."

"అందుకే వేశానోయ్."

"అది కాదు బావా. ఆలివ్ గ్రీన్ మిలిటరీ బళ్లకి తప్ప వెయ్యకూడదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121 చూసుకో. పైగా ఆర్సీలో నీ బండి ఎరుపు కదా?"

దేశభక్తికి ఇలాంటి అడ్డంకి ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగడం కన్నా ఆర్సీలో ఉన్న ఎరుపే మళ్లీ వేసేయడం మేలనుకుని, ఈసారి ఎన్సీ ఎరుపు కొన్నారు, త్వరగా ఆరుతుందని. కొట్టడానికి తోడల్లుడి చేలో మందు కొట్టే స్ప్రేయరు తెచ్చారు. థిన్నరుకి దాని వాషర్లు గంటలో ఉబ్బిపోయాయి. తోడల్లుడు ఆ తర్వాత పండక్కి పిలిచాడు గానీ, స్ప్రేయరు ఉన్న సావిడి వైపు వెళ్లనివ్వలేదు.

ఆఖరికి అద్దెకి కంప్రెసరు తెచ్చి పని మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే నాలుగు వేలడిగిన షెడ్డువాడు అటుగా వెళ్తూ ఆగాడు.

"ఎనామిల్ మీద ఎన్సీ కొడుతున్నారాండీ?"

"అవునోయ్. ఏం?"

"ఏం లేదండి" అని బండికి స్టాండేసి, అరుగు మీద కూర్చున్నాడు. పనున్నవాడు అలా ఊరికే కూర్చున్నాడంటే అనుమానం రావాలి. బాబాయిగారికి రాలేదు. రెండో చెయ్యి కొట్టీ కొట్టకముందే ఎన్సీ థిన్నరు అడుగునున్న ఎనామిల్‌ని పైకి లేపేసింది. ట్యాంకు మీద ఎరుపంతా పాల మీద మీగడలా ముడతలు పడింది. షెడ్డువాడు లేచి, లుంగీ దులుపుకుని, "వస్తానండి" అన్నాడు. ఇంకొక్క మాటన్నా బావుండేది. అనలేదు.

మళ్లీ గీకి మొదలెడతారనుకున్నాం. "దీన్ని టెక్స్చర్ ఫినిష్ అంటారు" అని నంబరు ప్లేటు బిగించేసి, శనివారం పూట వాహన పూజకని చిన్న తిరుపతి బయల్దేరారు. భీమడోలు దగ్గర రైలు గేటు పడింది. బండి చూపించుకోవడానికి అంతకన్నా మంచి చోటు జిల్లాలో లేదు. అటూ ఇటూ కార్లు, ఆటోలు, బైకులు, అందరికీ తీరికే. పక్కన ఆగిన కుర్రాడు ట్యాంకు వంక చూశాడు. వంగి ఇంకోసారి చూశాడు. వేలు పెట్టి తడిమాడు కూడా.

"ఎక్కడ వేయించారండీ?"

బాబాయిగారు ఇంజను ఆపేశారు. సీటు మీద చెయ్యి వేశారు.

"ఏం బాబూ, నచ్చిందా?"

"అబ్బే, మా నాన్న బండి ఇవ్వాలండి. తెలిస్తే అక్కడికి తప్ప ఇంకెక్కడికైనా తీసుకెళ్దామని."

గేటు లేచింది. వెనక నుంచి హారన్లు. బాబాయిగారు ఒక్క క్షణం ఆలోచించి, నాలుగు వేలడిగిన షెడ్డు పేరు చెప్పారు. సెంటరు గుర్తులతో సహా.