39వ సరుకు

రాయపూర్ శాస్త్రి బజార్లో టమాటా పెట్టి పుట్టింది. దాని ధర ఎలా ఉందో ఢిల్లీ రోజూ కనుక్కుంటుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దేశంలో 550కి పైగా కేంద్రాల నుంచి 38 సరుకుల ధరలు రోజూ తెప్పించుకుంటుంది. వాటిలో రాయపూర్ ఒకటి. 2024 ఆగస్టు దాకా ఈ భాగ్యం 22 సరుకులకే ఉండేది. ధరలు నమోదు చేసే కొత్త యాప్ రాగానే వంకాయ, గుడ్డు, జీలకర్ర, ఎండుమిరప వగైరా మరో 16 జాబితాకెక్కాయి.

ధర ఎగిరితే సర్కారు హడావుడి చూసి తీరాలి. 2023 జులైలో టమాటా చెట్టెక్కి కూర్చుంటే మన మదనపల్లె దాకా మనుషుల్ని పంపి కొనిపించి, ఢిల్లీలో వ్యాన్లు పెట్టి కిలో 90 రూపాయలకు అమ్మించింది. 2024 అక్టోబరులో ఉల్లిపాయలకైతే ఏకంగా రైలే వేసింది. నాసిక్ నుంచి ఢిల్లీకి 1600 టన్నులు, పేరు కాందా ఎక్స్‌ప్రెస్. అదే నెలలో పండక్కి ఊరెళ్లే కూలీలు జనరల్ బోగీ తలుపులకు వేలాడారు. ఉల్లికి మాత్రం బెర్తు ఖాయం.

అదే రాయపూర్లో తెల్లారేసరికి చావడి దగ్గర ఇంకో బజారు తెరుచుకుంటుంది. తాపీలు, పారలు, టిఫిన్ డబ్బాలు, మనుషులు. ఎండెక్కేకొద్దీ రేటు దిగుతుంది. టమాటా ధర ఫోన్లో రాసుకుపోయేవాడు ఇక్కడికి రాడు. ఎందుకు రాడో శ్రీకాకుళం మేస్త్రి ఒకాయన తేల్చేశాడు: “టమాటా కుళ్లిపోద్ది బాబూ. మనం కుళ్లం గదా, రేపు మళ్లీ వస్తాం.”

కూలి మీద నిఘా లేదనడం పాపం. కమిటీ వేశారు. జాతీయ కనీస వేతనం రోజుకు 375 రూపాయలుండాలని అనూప్ శతపథి కమిటీ 2019లో చెప్పింది. సర్కారు గంభీరంగా ఆలోచించి, ఆ ఏడు జులైలో 176ని 178 చేసింది. రెండు రూపాయలు! ద్రవ్యోల్బణం ఎక్కడ విరుచుకుపడుతుందోనని ఎంత జాగ్రత్త!

ఉపాధి హామీ కూలిని ముడిపెట్టిన ధరల సూచీది మరీ తమాషా. పల్లె కూలీ దేనికెంత ఖర్చుపెడతాడో అది 1983 నాటి సర్వే చూసి లెక్కగట్టేది. అది ఎన్టీఆర్ తొలిసారి ముఖ్యమంత్రయిన ఏడు. అప్పటికి రాయపూర్ ఉన్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమే లేదు. సెల్ రీచార్జి సంగతి సరేసరి. ఆ బుట్టను 2025లో గానీ మార్చలేదు. టమాటాకు పూటపూటా నాడి చూసే వైద్యుడు, కూలీకి నలభై ఏళ్ల కిందటి చీటీ చూసి మందిస్తూ వచ్చాడన్నమాట.

మేస్త్రిని 39వ సరుకుగా యాప్‌లో చేర్చమని అర్జీ పెడదామనుకున్నా. మళ్లీ భయమేసింది. ఆ జాబితాలో ఉన్నవాటి ధర పెరగ్గానే దించడమే కదా ఆ శాఖ ఉద్యోగం. రాయపూర్లో కూలి ఓ యాభై పెరిగిందని తెలిస్తే, రాత్రికి రాత్రే ఏ బీహారు నుంచో మేస్త్రీ ఎక్స్‌ప్రెస్ వేసి, వెయ్యిన్నూట పదహార్లమందిని చావడిలో దించేస్తారు.