గోడ కూలాక చదివే రాత

ఇంగ్లీషులో ‘రైటింగ్ ఆన్ ద వాల్’ అని ఒక జాతీయం ఉంది. ముంచుకొచ్చే ముప్పు కళ్లెదుటే కనబడుతోంది, చూసుకో అని దాని తాత్పర్యం. దాన్ని ‘గోడ మీది రాత’ అని తెనిగిస్తే తెలుగువాడికి తోచేవి రెండే: ఎన్నికల గుర్తు, ‘ఇచ్చట మూత్రము పోయరాదు’. రెండింటినీ ఎవరూ లెక్కచేయరు గనక అనువాదం కుదిరినట్టే.

ఈ రాత పుట్టింది బైబిల్లోని దానియేలు గ్రంథంలో. బబులోను రాజు బెల్షస్సరు విందు మధ్యలో ఒక చెయ్యి ప్రత్యక్షమై గోడ మీద నాలుగు ముక్కలు రాసింది. ఆస్థాన పండితులు నీళ్లు నమిలారు. దానియేలు వచ్చి విప్పి చెప్పాడు: నీ రోజులు నిండాయి, తూకంలో తేలిపోయావు, నీ రాజ్యం పంపకాలైపోయింది. రాజు ఆయనకు మంచి వస్త్రం కప్పి, మెడలో బంగారు గొలుసు వేసి సన్మానించాడు. ఆ రాత్రే హతుడయ్యాడు.

తెలుగునాట ఆ పని పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామిది. గోడకు బదులు తాటాకు. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారనీ, 1693లో కందిమల్లాయపల్లెలో జీవసమాధి అయ్యారనీ చెబుతారు. ఆ పల్లే నేటి బ్రహ్మంగారిమఠం. అక్కణ్నుంచి వచ్చిన మాటే ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’. ఇంగ్లీషువాడి జాతీయం జరగబోయేదానికి, తెలుగువాడిది జరిగిపోయినదానికి. 2020లో కరోనా వచ్చాక గానీ కాలజ్ఞానంలోని ‘కోరంకి’ జబ్బు వాట్సాప్ కంటపడలేదు.

ముఖానికి రంగేసుకునేవాళ్లు రాజ్యమేలుతారని కూడా ఆయన చెప్పారంటారు. 1983లో ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్, బ్రహ్మంగారి వేషం కట్టిన చిత్రం 1984 నవంబరులో విడుదలైంది. అదే ఏడాది ఆగస్టులో, ఆయన అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చీ రాగానే, సొంత పార్టీలోని నాదెండ్ల భాస్కరరావు కుర్చీ లాగేసుకున్నారు. నెల తిరిగేసరికి కుర్చీ తిరిగొచ్చింది. 1995లో మళ్లీ ఆగస్టు సంక్షోభమే. ఈసారి ఇంటల్లుడు. కుర్చీ తిరిగి రాలేదు. గోడ అదే, నెలా అదే, దస్తూరీ వేరు.

ఆమాటకొస్తే కుర్చీ తగవు బ్రహ్మంగారి మఠానికీ తప్పలేదు. 2021లో మఠాధిపతి శివైక్యం చెందాక వారసుడెవరన్న తగవు హైకోర్టు దాకా నడిచింది. రాజ్యాలు ఎవరెవరికి దక్కేదీ ముందే రాసిపెట్టిన చోట, పీఠం ఎవరిదో తేల్చడానికి వీలునామాలు వెతకవలసి వచ్చింది. జవాబు కాలజ్ఞానంలో ఏ పేజీలో ఉందో అప్పుడు ఎవరూ చూపలేదు. తీర్పు రాకముందే ఎలా చూపిస్తారు!