ఎవరి కడుపు కొయ్యాలి? కొత్త సర్జన్‌కి పాతకాపు చిట్కాలు

డాక్టరు గారూ, బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ సర్జన్‌గా మొన్ననే బోర్డు పెట్టారు, సంతోషం. తగిన పేషెంటుని ఎంచుకుంటే సగం ఆపరేషన్ అయిపోయినట్టేనని మీ ప్రొఫెసర్లు చెప్పే ఉంటారు. పాపం, వాళ్ళకి టార్గెట్లు లేవు. పదిహేనేళ్ళు ఆస్పత్రి మార్కెటింగ్‌లో నలిగినవాణ్ణి, అసలు ఎంపిక ఎలాగో నేను చెబుతాను. రాసుకోండి.

1. గీత ఎక్కడుందో చూడండి, తర్వాత దాటండి

కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. ఆపరేషన్‌కి అది 40 ఉండాలని, షుగర్ లాంటి జబ్బు తోడైతే 35 చాలని 1991లో అమెరికా నిపుణులు తేల్చారు. 2022లో అంతర్జాతీయ సంఘాలు జబ్బులున్నా లేకున్నా 35 చాలన్నాయి. తక్కువ బరువుకే పొట్టా షుగరూ వచ్చే ఆసియావాళ్ళకి గీతను 27.5 దగ్గర పెట్టాయి. వాళ్ళే అంత దిగినప్పుడు ఇంకో మెట్టు మనం దిగితే తప్పేముంది?

మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్న అమ్మాయి వస్తుంది. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు, బీఎంఐ 24.8. లెహెంగా పట్టడం లేదని వాళ్ళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. అంతకన్నా ముదిరిన జబ్బు ఏ పుస్తకంలో ఉంది? వెంటనే డేటు ఇచ్చెయ్యండి. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలన్న ముక్క మాత్రం ఎత్తకండి. అది కాబోయే అత్తగారు తేల్చుకుంటుంది.

2. బరువు పెరగకపోతే ఎత్తు తగ్గించండి

ఇన్సూరెన్స్ వాళ్ళకి ఛాదస్తం ఎక్కువ. పేషెంటుకి 18 ఏళ్ళు నిండాలంటారు. బీఎంఐ 40 ఉండాలంటారు. 35 ఉంటే గుండెజబ్బో, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, మిగతా మార్గాలన్నీ చూసినా లొంగని టైప్ 2 షుగరో చూపించమంటారు. మీ ముందున్న షుగర్ పేషెంటు 165 సెంటీమీటర్లు, 95 కిలోలు. లెక్క 34.9 దగ్గర ఆగింది. కాస్త మోకాళ్ళు వంచి నిలబడమనండి. ఎత్తు 163 అయితే అదే మనిషి 35.8. ఒక్క ఇడ్లీ కూడా తినకుండా అర్హత సంపాదించాడు.

3. ఎందుకు లావయ్యారో అడక్కండి

మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన తెల్ల మాత్రలు రెండేళ్ళుగా మింగుతున్న ఆవిడ వస్తుంది. మొహం గుండ్రంగా ఉబ్బింది, చేతులూ కాళ్ళూ సన్నగా ఉన్నాయి, పొట్ట ముందుకొచ్చింది. ఆ మాత్రలు స్టెరాయిడ్లేమోనని మీకు అనుమానం రావచ్చు. చీటీ చూపించమంటే కథ అక్కడే అడ్డం తిరుగుతుంది. స్టెరాయిడ్‌ని జాగ్రత్తగా తగ్గించుకుంటూ రావడం, థైరాయిడ్ పరీక్ష చేయించడం, ఇవన్నీ ఫిజీషియన్ చేసే పనులు. మనం కత్తి పట్టిన వాళ్ళం.

4. అందరికీ ఒకే కుట్టు

స్లీవ్ ఆపరేషన్ సులువు. కడుపులో మూడొంతులకి పైగా కోసి తీసేస్తే అరటిపండంత గొట్టం మిగులుతుంది. తీసేసింది మళ్ళీ అతకదు కాబట్టి పేషెంటు మనసు మార్చుకునే భయమూ లేదు. పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట ఎప్పట్నుంచో ఉన్నాయని ఎవరైనా చెబితే విననట్టు ఉండండి. స్లీవ్‌తో ఆ మంట పెరగొచ్చు, ముందు ఎండోస్కోపీ చేసి చూడాలి, అలాంటి వాళ్ళకి గ్యాస్ట్రిక్ బైపాస్ నయం అని జూనియర్ గొణుగుతాడు. అతన్ని క్యాంపులకి పంపించండి.

5. మందు మానేస్తానన్నవాణ్ణి నమ్మండి

"కడుపు చిన్నదైతే పెగ్గులు వాటంతటవే తగ్గుతాయి కదా సార్" అంటాడు, ప్రతి సాయంత్రం క్వార్టర్ వేసే పెద్దమనిషి. తర్కం బాగుంది, ఒప్పేసుకోండి. ఆపరేషన్ తర్వాత అదే పెగ్గు ముందుకన్నా త్వరగా రక్తంలో కలుస్తుందని, ఎక్కువ ఎక్కుతుందని, కొందరు కొత్తగా తాగుడికి అలవాటు పడతారని అతనికెందుకు? సిగరెట్ సంగతీ అంతే. బైపాస్‌లో కుట్టిన చోట పుండు పడినప్పుడు చూసుకోవచ్చు.

6. మళ్ళీ కనిపించనివాళ్ళే మంచివాళ్ళు

సంక్రాంతికి డల్లాస్ నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చిన అల్లుడు గారు బంగారం లాంటి పేషెంటు. భోగి మంట ఆరేలోపు కోసి, రెండో వారంలో విమానం ఎక్కించండి. ఆపరేషన్ అయిన ఒళ్ళు, అన్ని గంటల ప్రయాణం, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఇవన్నీ ఎయిర్‌హోస్టెస్ చూసుకుంటుంది. బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం వేసుకోవాలని, ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలని చెబితే బేరం చెడుతుంది. జుట్టు ఊడిందని వాట్సాప్‌లో ఫోటో పెడితే ఒక దణ్ణం బొమ్మ పంపండి.

7. ఎవర్ని తిప్పి పంపాలి

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఓపీ చివర్లో, గోడ పక్క కుర్చీలో, ఎప్పుడు పిలుస్తారా అని ఒకావిడ కూర్చుని ఉంటుంది. వయసు 46. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు, బీఎంఐ 42.4. ఇన్సులిన్ పొడుచుకుంటున్నా షుగర్ దిగదు. రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగిపోతుంటే భర్త తట్టి లేపుతాడు. రాగిజావ తాగింది, కొర్రన్నం తిన్నది, పొద్దున్నే నడిచింది. పది కిలోలు తగ్గి పన్నెండు పెరిగింది. మందు లేదు, సిగరెట్ లేదు. చెప్పిన మాత్రలన్నీ చీటీలతో సహా సంచిలో తెచ్చింది. జీవితాంతం వేసుకోమంటే వేసుకుంటానంటుంది, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానంటుంది.

ఆవిడ దగ్గర ప్యాకేజీ డబ్బు లేదు. అందుకని గట్టిగా మందలించండి. "నోరు కట్టుకోవాలమ్మా, అన్నిటికీ ఆపరేషన్లేనా?" అనండి. సిగ్గుతో తల దించుకుని వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎవర్నీ అడగదు.

ఆ రోజు మీ ఓపీకి వచ్చినవాళ్ళందరిలో ఆ ఆపరేషన్‌కి అన్నివిధాలా తగిన మనిషి ఆవిడొక్కతే.