ఎంత పెరిగాను నర్సమ్మగారూ?

మా రోజుల్లో కడుపుతో ఉన్న పిల్ల తూకం మిషను ఎక్కగానే అడిగే మాట ఇదే. కిలో పెరిగావని చెబితే మొహం వెలిగిపోయేది. ఏమీ పెరగలేదంటే పక్కన నిలబడ్డ అత్తగారు తల దించుకునేది. ఇప్పుడు మా మనవరాలి ఈడు పిల్లలు అదే మిషను మీద కళ్లు మూసుకుని నిలబడుతున్నారు. అంకె ఎంత వస్తుందోనన్న బెంగ కంటే, అది చూశాక ఎదురుగా కూర్చున్నావిడ ఏమంటుందోనన్న బెంగే వాళ్లకు ఎక్కువ.

నేను 1979లో దివిసీమలో ఏఎన్ఎంగా చేరాను. 1977 నవంబరు ఉప్పెన దెబ్బ నుంచి ఊళ్లు అప్పటికింకా తేరుకోలేదు. కాలువ గట్ల మీద నడుచుకుంటూ, పడవ దాటుకుంటూ ఇంటింటికీ వెళ్లేదాన్ని. ముప్పై అయిదేళ్లు అదే పని. ఎన్ని పురుళ్లు చూశానో లెక్క పెట్టుకోలేదు. కానీ ఎంతమంది చూలింతలు బరువు పెరగక నన్ను ఏడిపించారో మాత్రం బాగా గుర్తుంది.

అప్పట్లో నెల తప్పేనాటికే ముప్పై ఎనిమిది కిలోలు, నలభై కిలోలు ఉండేవాళ్లు. తొమ్మిది నెలల్లో పది పన్నెండు కిలోలు పెరగాలని మాకు ట్రైనింగులో చెప్పారు. నాట్లకూ కోతలకూ వెళ్లే పిల్లలు అయిదారు కిలోలు పెరిగితే అదే గొప్ప. పుట్టిన బిడ్డను గుడ్డ ఉయ్యాలలో వేసి స్ప్రింగు త్రాసుకు తగిలిస్తే ముల్లు రెండున్నర కిలోల గీత దాటడం కష్టంగా ఉండేది. దానికి తోడు ఇంటి పెద్దల మాటొకటి. ఆఖరి నెలల్లో ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని కంచంలో అన్నం తగ్గించేవాళ్లు. ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని దొడ్లో పారేసేవాళ్లు.

అలాంటి ఇంటికి వెళ్లి ఆ పిల్లను తిట్టి ఏం లాభం? మాకు పని నేర్పిన పెద్దావిడ ఒక పద్ధతి చెప్పింది. ముందు కంటి రెప్ప కిందికి లాగి రక్తం ఉందో లేదో చూడు. తర్వాత మంచం మీద కూర్చో. పొద్దున ఏం తిన్నావని అడుగు. ఇంట్లో ఎవరెవరు తిన్నాక తిన్నావని అడుగు. కూర మిగిలిందా అని అడుగు. ఈ మూడింటికీ జవాబు వచ్చేసరికి తప్పు ఎక్కడుందో మనకే తెలుస్తుంది. నూటికి తొంభై ఇళ్లల్లో ఆ పిల్ల అందరి తర్వాత, చారూ మెతుకులూ తినేది. అందుకే చెప్పాల్సిన మాట ఆమెకు కాకుండా అత్తగారికి చెప్పేవాళ్లం. "పిన్నిగారూ, మీ కోడలు వట్టి మనిషి కాదు. ముందు దానికి వడ్డించి తర్వాత మీరు తినండి" అంటే, గొణుక్కుంటూనే అయినా వడ్డించేవాళ్లు.

మా రోజులన్నీ బంగారమని నేను చెప్పను. పురిటి గదిలో నొప్పులకు అరిచిన పిల్లల్ని నోటికొచ్చినట్టు తిట్టడం నేను చెవులారా విన్నాను. "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. కొత్తగా చేరిన రోజుల్లో నోరు మెదపకుండా పక్కన నిలబడ్డాను. ఆ మౌనం నన్ను ఇవాళ్టికీ బాధపెడుతుంది. అందుకే ఈ వయసులోనైనా నోరు తెరుస్తున్నాను. పురిటి గదిలోని ఆ తిట్టు ఇప్పుడు బరువు చూసే బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

మా మనవరాలు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. నెల తప్పేనాటికి 64 కిలోలుంది. నాలుగు నెలలు వేవిళ్లతో అల్లాడింది. అన్నం ఉడుకుతున్న వాసన వస్తే చాలు, బాత్‌రూముకు పరుగు. కడుపులో ఏదో ఒకటి పడితేగానీ తిప్పడం తగ్గేది కాదు. ఆఫీసు బల్ల సొరుగులో రస్కులు, బిస్కెట్లు, బన్ను పెట్టుకుని వాటితోనే నెట్టుకొచ్చింది. పొద్దున కుర్చీలో కూర్చుంటే చీకటి పడ్డాకే లేవడం. ఆరో నెల వచ్చేసరికి తొమ్మిది కిలోలు పెరిగింది.

పెద్ద ఆసుపత్రి. అద్దాల తలుపులు, మెత్తటి సోఫాలు. రెండు గంటలు కూర్చోబెట్టి రెండు నిమిషాలు చూశారు. డాక్టరమ్మ ఫైలు చూసింది గానీ పిల్ల మొహం చూడలేదు. "ఇంత లావెక్కితే ఎలాగమ్మా? నోరు కట్టుకోలేవా? ఇలాగే తింటే ఆపరేషనే" అంది. తలుపు తీసే ఉంది. బయట కూర్చున్నవాళ్లందరూ విన్నారు. నాలుగు నెలలు ఏం తిన్నా ఇమడక అవస్థపడిన పిల్లను ఆ మాట అన్నారు.

ఇంటికొచ్చి రాత్రి భోజనం మానేసింది. తర్వాత నెల చూపించుకోవడానికి వెళ్లనే లేదు. మొగుడికి ఆఫీసులో మీటింగని చెప్పింది, తల్లికి వెళ్లొచ్చానని చెప్పింది. ఫోనులో దాని గొంతు విని నాకు అనుమానం వచ్చి బస్సెక్కాను. ఆ రాత్రి నా ఒళ్లో తల పెట్టుకుని, "అద్దంలో నన్ను చూసుకుంటేనే అసహ్యంగా ఉంది అమ్మమ్మా" అంది. కడుపులో బిడ్డను మోస్తున్న పిల్ల నోట రావాల్సిన మాటేనా అది?

కాయితాలు తీసి చూస్తే నా గుండె జారింది. పిల్ల మానేసింది ఒట్టి చెకప్ కాదు, షుగరు పరీక్ష. ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది వారాల మధ్య ఆ పరీక్ష తప్పకుండా చేయాలి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంతో వచ్చిన షుగరుగా లెక్క. మా పిల్లకు అప్పటికే ఇరవై తొమ్మిదో వారం. మర్నాడే చేయించాను. 156 వచ్చింది.

డాక్టరమ్మ భయం తప్పు కాదని నేనూ ఒప్పుకుంటాను. బరువు మితిమీరితే షుగరు రావచ్చు, బీపీ రావచ్చు, బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టం కావచ్చు. కానీ ఆ తిట్టు ఏం చేసింది? తేలాల్సిన షుగరును తేలనివ్వకుండా దాచిపెట్టింది. రాత్రి తిండి మానిపించి, మధ్యాహ్నం ఆకలికి తట్టుకోలేక మళ్లీ ఆ బిస్కెట్ల మీదే పడేలా చేసింది. రెండు నిమిషాలు ఆదా చేయబోయి మూడు వారాలు పోగొట్టారు.

అసలు పెరిగిన బరువంతా కొవ్వేనన్నట్టు మాట్లాడతారేమిటి? మాకు నేర్పిన లెక్క చెబుతాను వినండి. బిడ్డ మూడు కిలోలు. మాయ ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ. ఉమ్మనీరు కిలోకు అటూ ఇటూ. సాగిన గర్భసంచి ఒక కిలో. తల్లి ఒంట్లో కొత్తగా ఊరిన రక్తం కిలోంబావు పైనే. రొమ్ముల్లో అర కిలో. ఒంట్లో చేరిన నీరు కిలోన్నర దాకా. మిగిలిన మూడు కిలోల చిల్లర కొవ్వు, అదీ రేపు పాలివ్వడానికి ఒళ్లు ముందుగా దాచుకున్న మూట. పన్నెండు కిలోలు పెరిగిన తల్లిలో తిండిపోతుతనం ఎక్కడుంది?

పోనీ ఎంత పెరగాలన్నది రాతి మీద చెక్కిన మాటా అంటే అదీ కాదు. ఒకప్పుడు అమెరికాలో డాక్టర్లు ఏడెనిమిది కిలోలు దాటనివ్వకుండా తల్లుల కడుపులు మాడ్చారు. తర్వాత అది తప్పని తెలుసుకుని 1970లో హద్దు పెంచారు. 2009లో అక్కడి నిపుణుల సంస్థ ముందున్న బరువును బట్టి వేరువేరు లెక్కలు రాసింది. బక్కగా ఉన్నవాళ్లు పన్నెండున్నర నుంచి పద్ధెనిమిది కిలోలు, మామూలుగా ఉన్నవాళ్లు పదకొండున్నర నుంచి పదహారు, కాస్త లావుగా ఉన్నవాళ్లు ఏడు నుంచి పదకొండున్నర, బాగా లావుగా ఉన్నవాళ్లు అయిదు నుంచి తొమ్మిది. మన ఒంటి తీరు వేరు కాబట్టి ఇక్కడి డాక్టర్లు ఇంకాస్త జాగ్రత్తగా లెక్క కడతారు. ఏ లెక్క తీసుకున్నా అది దారి చూపడానికే ఉంది, కొట్టడానికి కాదు.

డాక్టర్లను అని ఊరుకుంటే న్యాయం కాదు, నా ఈడు ఆడవాళ్లకూ ఒక మాట చెప్పాలి. "ఇద్దరి తిండి తినాలే" అంటూ అయిదో నెల నుంచి చలిమిడి, సున్నుండలు, నెయ్యి ముద్దలు నోట్లో కుక్కేది మనమే. శ్రీమంతం నాడు గాజులు తొడుగుతూ "ఇదేంటే ఇంత లావైపోయావు" అనేదీ మనమే. కడుపుతో ఉన్న మనిషికి రోజుకు అదనంగా కావాల్సింది 350 కేలరీలని మన దేశపు పోషకాహార నిపుణులే చెప్పారు. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు కలిపితే దాదాపు అంతే. మా కాలపు ఆకలి చూసిన భయంతో ఇప్పటి పిల్లలకు అతిగా పెడుతున్నాం. ఆ కాలం వేరు. పొలంలో వంగి నాట్లు వేసిన ఒళ్లు వేరు, పది గంటలు కుర్చీలో కూర్చున్న ఒళ్లు వేరు.

మనవరాలితో నేనే ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. గొడవ పెట్టుకోవడానికి కాదు. "డాక్టరుగారూ, నేనూ ముప్పై అయిదేళ్లు ఇదే పని చేశాను. మీరు చెప్పింది నిజమే, చెప్పిన తీరుకి ఈ పిల్ల మీ దగ్గరికి రావడమే మానేసింది. ఇదిగో షుగరు రిపోర్టు" అని బల్ల మీద పెట్టాను. ఆవిడ కాయితం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పొద్దుటి నుంచి అరవై మందిని చూస్తానమ్మా, మాట ఎలా వస్తోందో నాకే తెలియడం లేదు" అంది. ఆ మాట నిజమేనని ఆవిడ కళ్ల కింద నలుపే చెప్పింది. అరవై మందిని ఒక్క మనిషి నెత్తిన వేసిన ఆసుపత్రి మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఆవిడే డైటీషియన్ దగ్గరికి పంపింది. చిన్నపిల్ల, ఇరవై అయిదేళ్లుంటాయేమో. కుర్చీ దగ్గరికి లాక్కుని "పొద్దున ఏం తిన్నారండీ?" అని మొదలుపెట్టింది. దివిసీమ మంచం మీద నేను అడిగిన ప్రశ్నే. నాకు కళ్లు చెమర్చాయి. వేవిళ్ల సంగతి, బిస్కెట్ల సంగతి, కుర్చీ సంగతి అన్నీ ఇరవై నిమిషాల్లో బయటికొచ్చాయి. అన్నం పూర్తిగా మానమనలేదు. గుట్ట తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచమంది. మూడు పూటల తిండిని ఆరు పూటలకు పంచమంది. తిన్నాక పావుగంట నడవమంది. రెండు వారాల్లో, తిన్న రెండు గంటలకు చూసే షుగరు 120 లోపలికి దిగింది. ఇన్సులిన్ అవసరం పడలేదు.

అందుకని కడుపుతో ఉన్న తల్లులందరికీ చెబుతున్నాను. తిట్టారని చెకప్ మానకండి. తిట్టినవాళ్లకు ఏమీ కాదు, నష్టం మీకూ బిడ్డకూ. బరువు గురించి గట్టిగా అంటే మీరూ నెమ్మదిగా అడగండి. నెల తప్పేనాటి నా బరువుకు ఎంత పెరగొచ్చు? నా బీపీ ఎంత, షుగరు ఎంత? ఏం మార్చుకోవాలో చెప్పేవాళ్లు ఎవరున్నారు? జవాబు చెప్పే ఓపిక లేని చోటు నుంచి ఫైలు తీసుకుని ఇంకో చోటికి వెళ్లండి, అది మీ హక్కు. ఒంటరిగా వెళ్లకండి, మొగుణ్ణో తల్లినో వెంటబెట్టుకోండి. సన్నబడాలని పస్తులు మాత్రం ఉండకండి. ఇంకొక్కటి. ఒకే వారంలో కిలోకు మించి పెరిగి, మొహమూ చేతులూ ఉబ్బి, తలనొప్పి వచ్చి, కళ్లు మసకబారితే అది తిండి వల్ల కాదు. బీపీ పెరిగి, ఫిట్స్ తెప్పించే గుర్రపు వాతంలోకి దింపే గుర్తులవి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాళ్లు ఏమంటారోనని ఆగకండి.

తూకం మిషను మా చేతికి ఇచ్చింది ఇందుకే, ఆపదను ముందుగా పట్టుకోవడానికి. దాని దగ్గరికి రావడానికే తల్లి భయపడితే ఆ మిషను ఉన్నా లేనట్టే.

మా మనవరాలికి మొత్తం మీద పన్నెండు కిలోలు పెరిగింది, కాస్త లావుగా ఉన్నవాళ్లకని పుస్తకంలో రాసినదానికంటే అర కిలో ఎక్కువే. కాన్పు సుఖంగా అయింది. బిడ్డ మూడు కిలోల నూరు గ్రాములు. అంతకు ముందు, తొమ్మిదో నెలలో ఒకసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చెప్పులు విప్పి మిషను ఎక్కింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. అంకె చూసుకుని, ఆ డాక్టరమ్మ వైపు తిరిగి అడిగింది.

"ఎంత పెరిగానండీ?"